జాతీయ విషాదం, రాజకీయ ప్రచారం, మీడియా: శ్రీకాకుళం, విజయనగరం పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద ప్రమాదమో ఉగ్రదాడో జరిగిన ప్రతిసారీ మన రెండు జిల్లాల పాఠకుల నుంచి అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. గ్రంథాలయంలో పేపరు చదివేవారు, డిగ్రీ విద్యార్థులు, వాట్సాప్ గ్రూపులు నడిపే యువజన సంఘాలవారు, అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలవారు అడిగిన ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచి, సమాధానాలు రాశాను. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా చదువుకునేలా ఉంది కనుక, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదటి గంటల్లో

ఒక చానల్లో 288 అంటారు, ఇంకో చానల్లో 275 అంటారు. చనిపోయినవాళ్ల లెక్క దాస్తున్నారా?

లెక్క మారినంత మాత్రాన దాస్తున్నారని అనుకోనవసరం లేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగినప్పుడు మొదట 288 మంది మరణించారని ప్రకటించారు. రెండు రోజుల తర్వాత, కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించారంటూ ఒడిశా ప్రభుత్వం ఆ సంఖ్యను 275కు తగ్గించింది. జిల్లాల నుంచి వివరాలు సరిచూసుకున్నాక మళ్లీ 288 అని చెప్పింది. చికిత్స పొందుతూ మరణించినవారు కలిశాక ఆ సంఖ్య 290 దాటింది. ఘటనా స్థలం, ఆసుపత్రి, శవాగారం వేర్వేరుగా లెక్క రాసుకుంటున్నప్పుడు ఇలాంటి తేడా సహజంగానే వస్తుంది.

అనుమానించవలసిన సందర్భం వేరే ఉంది. సంఖ్య మారినప్పుడు ఎందుకు మారిందో చెప్పకపోయినా, జనరల్ బోగీల్లో టికెట్ లేకుండా లేదా పేరు నమోదు కాకుండా ప్రయాణించినవారిని ఎలా లెక్కించారో చెప్పకపోయినా గట్టిగా అడగాలి. పని కోసం చెన్నై వెళ్లే మన ప్రాంతపు వలస కూలీలు ఎక్కువగా ఎక్కేది ఆ బోగీలే.

ప్రమాదం వీడియో గ్రూపులో వచ్చింది. నిజమో కాదో వెంటనే ఎలా తెలుస్తుంది?

వీడియోలో ఒక దృశ్యాన్ని ఆపి, దాని స్క్రీన్‌షాట్‌ను గూగుల్ లెన్స్‌లో వెతికితే, పాతదైన పక్షంలో చాలాసార్లు అసలు తేదీ బయటపడుతుంది. తర్వాత చుట్టూ ఉన్నవాటిని చూడాలి. బోర్డుల మీద ఏ భాష ఉంది, వాహనాల నంబర్లు ఏ రాష్ట్రానివి, వాన పడుతోందా, జనం వేసుకున్న బట్టలు ఆ కాలానికి సరిపోతాయా అన్నవి పరిశీలించాలి. కృత్రిమ మేధతో తయారైన చిత్రాల్లో బోగీల మీది అక్షరాలు అలుక్కుపోయి ఉండటం, చేతివేళ్లు అతుక్కుపోయి ఉండటం తరచుగా కనిపిస్తుంది కానీ, ఇలాంటి లోపాలు రానురాను తగ్గిపోతున్నాయి. అందుచేత, ఆ చోట ఉన్న ఒక గుర్తింపు పొందిన విలేకరి గానీ అధికారి గానీ అదే దృశ్యాన్ని ధ్రువీకరించేవరకు ఎవరికీ పంపకుండా ఉండటమే అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులో కూడా ఇలాంటి వీడియోలను పరిశీలించి రాస్తున్నాయి.

పుకారు వల్ల నిజంగా ప్రాణాలు పోతాయా, మమ్మల్ని భయపెట్టడానికి అంటున్నారా?

మన జిల్లాలోనే పోయాయి. 2013 నవంబరు 2న విజయనగరం దగ్గరి గొట్లాం స్టేషన్ వద్ద, బొకారో ఎక్స్‌ప్రెస్‌లో మంటలు లేచాయన్న కేకతో ప్రయాణికులు చీకట్లో పక్క పట్టాల మీదికి దిగారు. ఆ పట్టాల మీద వచ్చిన మరో రైలు వారిని ఢీకొట్టింది. కనీసం 8 మంది మరణించారు. ఆ కేక వేసినవారికి ఏ దురుద్దేశమూ ఉండి ఉండకపోవచ్చు. విపత్తు గురించి తప్పుడు హెచ్చరికను ప్రచారం చేసి జనాన్ని భయాందోళనకు గురిచేస్తే, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఏ ప్రమాదం జరిగినా గంటలోపే ఒక మతం పేరు ఎలా వచ్చేస్తుంది?

కారణం తెలియని ఖాళీ సమయంలో, జనం మనసులో అప్పటికే ఉన్న అనుమానం ఆ ఖాళీలోకి దూరిపోతుంది. దాన్ని దూర్చేవారు కాచుకుని ఉంటారు. బాలాసోర్ ప్రమాదం తర్వాత, పట్టాలకు దగ్గరలో తెల్లటి కట్టడం కనిపించే ఒక ఫొటోకు బాణం గుర్తు పెట్టి, అది మసీదని, ప్రమాదం జరిగింది శుక్రవారమని రాసి దేశమంతా తిప్పారు. అది ఇస్కాన్ మందిరం. స్టేషన్ మాస్టర్ ఒక ముస్లిం అని, పరారీలో ఉన్నాడని మరో కట్టుకథ అల్లారు. అదీ అబద్ధమే. ప్రమాదానికి మతం రంగు పులిమితే కఠిన చర్యలు తీసుకుంటామని ఒడిశా పోలీసులు 2023 జూన్ 4న హెచ్చరించవలసి వచ్చింది. సిగ్నలింగ్ పనుల్లో జరిగిన లోపాలే కారణమని తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. కేబుళ్లు, రిలే గదులు, మరమ్మతు నియమాలు ఎవరినీ ఉద్రేకపరచవు. తెల్లటి కట్టడం ఫొటో క్షణంలో ఉద్రేకపరుస్తుంది. ఆ ఫొటోను ముందుకు పంపిన వారిలో మన ప్రాంతంవారు, చదువుకున్నవారు కూడా ఉన్నారన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

దాడి జరుగుతుంటే టీవీలో లైవ్ చూపించడం తప్పెలా అవుతుంది? జనానికి తెలియాలి కదా?

తెలియాలి కానీ, ఆపరేషన్ పూర్తికాకముందే కమాండోలు ఏ మెట్ల మీదుగా దిగుతున్నారో తెలియనక్కరలేదు. 2008 నవంబరు 26 ముంబయి దాడుల్లో టీవీ చానళ్ల ప్రత్యక్ష ప్రసారం భద్రతా దళాల ప్రాణాలను ప్రమాదంలో పడేసిందని సుప్రీంకోర్టు 2012 ఆగస్టు 29 నాటి కసబ్ తీర్పులో తీవ్రంగా తప్పుపట్టింది. ఉగ్రవాద నిరోధక చర్యలు ముగిసేవరకు, నియమిత అధికారి అప్పుడప్పుడు ఇచ్చే వివరాలకే ప్రసారాలు పరిమితం కావాలని 2015లో కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో చేర్చారు.

## మొదటి వారంలో

నాయకుడు ఆసుపత్రికి వస్తే ప్రచారం అంటారు, రాకపోతే రాలేదంటారు. మరి ఏం చెయ్యాలి?

రావడంలో తప్పు లేదు, రావాలి కూడా. వచ్చాక ఏం జరిగిందన్నదే చూడాలి. వార్డులోకి ఎందరు వెళ్లారు, ఆ సమయంలో డ్రెస్సింగులు, మందులు ఆగాయా, బంధువులను బయటికి పంపారా, ఫొటోలో గాయపడిన మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తోందా, ఆ మనిషి అనుమతి తీసుకున్నారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. మంచం చుట్టూ పదిమంది తెల్లచొక్కాలవారు కెమెరా వైపు చూస్తూ నిలబడి, పడుకున్న మనిషి పైకప్పు వైపు చూస్తున్న ఫొటో మీ జిల్లా ఎడిషన్‌లో కనిపిస్తే, అది ఎవరి కోసం తీసిన ఫొటోనో వేరే చెప్పనక్కరలేదు. చెక్కుల పంపిణీ ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. మనిషి పోయిన ఇంటివారిని వేదిక మీదికి పిలిచి, చెక్కు పట్టుకుని నవ్వమనడం ఏ పార్టీ చేసినా అమానుషమే.

పదేసి లక్షలు ఇచ్చేశారు కదా, ఇంకా నష్టపరిహారం ఏమిటి?

రెండూ వేరు. ఈ తేడా తెలియక చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. ప్రమాదం జరిగిన రాత్రే ప్రధానమంత్రి, రైల్వే మంత్రి, ముఖ్యమంత్రి ప్రకటించే మొత్తాలు ఎక్స్‌గ్రేషియా, అంటే ప్రభుత్వం తనంత తానుగా ఇచ్చే తక్షణ సాయం. రైలు ప్రమాదంలో మరణిస్తే 1989 నాటి రైల్వే చట్టం 124వ సెక్షన్ ప్రకారం, తప్పెవరిదన్న దానితో నిమిత్తం లేకుండా, రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ద్వారా 8 లక్షల రూపాయల పరిహారం పొందడం చట్టం ఇచ్చిన హక్కు. ప్రమాదం జరిగిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. వార్తల్లో అన్ని ప్రకటనలనూ కలిపి "భారీ పరిహారం" అని శీర్షిక పెట్టేసరికి, ట్రిబ్యునల్‌కు వెళ్లవలసిన వారు కూడా అంతా అయిపోయిందనుకుంటారు.

ప్రకటించిన మొత్తం, చేతికి అందిన మొత్తం ఒకటేనా అన్నది మరో ప్రశ్న. 2023 అక్టోబరులో విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొన్న ప్రమాదం తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మృతుల కుటుంబాలకు 10 లక్షలు, ఇతర రాష్ట్రాల వారికి 2 లక్షలు ప్రకటించింది. ఒకే బోగీలో ప్రయాణించి ఒకే విధంగా మరణించిన వారి మధ్య ఈ తేడా ఎందుకో అడిగిన వార్త అప్పుడు నా కంటపడలేదు. మన పక్కనే ఒడిశా ఉంది. ఆ ప్రమాదంలో చిక్కుకున్న రాయగడ బండి రోజూ ఆ సరిహద్దు దాటుతుంది.

ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా జనాన్ని తప్పుదోవ పట్టించవచ్చా?

పట్టించవచ్చు, ఎక్కువగా జరిగేది అదే. 2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని వేంకటేశ్వర ఆలయంలో తొక్కిసలాట జరిగి 9 మంది భక్తులు మరణించారు. ఆలయం ప్రైవేటుదని, దేవాదాయ శాఖ పరిధిలో లేదని ప్రభుత్వం తరఫున చెప్పారు. ప్రభుత్వ వైఫల్యమని ప్రతిపక్షం చెప్పింది. ఆలయం ప్రైవేటుది కావడం నిజమే. అయితే, ప్రైవేటు స్థలమైనా ఏకాదశి నాడు వేలల్లో జనం వస్తారన్న సంగతి స్థానిక యంత్రాంగానికి తెలిసే మార్గం ఏమిటి, రాకపోకలకు ఎన్ని దారులున్నాయో ఎవరు చూడాలి అన్న ప్రశ్నలకు "ప్రైవేటు" అన్న మాట సమాధానం కాదు. అలాగే "వైఫల్యం" అని అరిచినంత మాత్రాన, గత ప్రభుత్వాల కాలంలో ఇలాంటి గుళ్లకు ఏ నియమం ఉండేదో చెప్పినట్టు కాదు. నిజమైన ఒక ముక్కను ఎంచుకుని, అదే మొత్తం అన్నట్టు పదేపదే చెప్పడం వార్తకు రంగు పులిమే పద్ధతుల్లో అన్నిటికంటే తేలికైనది, పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది.

మా ఊరి విలేకరి దగ్గరుండి అంతా చూశాడు. పేపర్లో మాత్రం వేరేలా ఎందుకు వచ్చింది?

మండల స్థాయి విలేకరులలో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే కొద్ది మొత్తం, ప్రకటనల మీద వచ్చే కమీషనే వారి ఆదాయం. ఆ ప్రకటనలు ఇచ్చేది స్థానిక నాయకులు, వ్యాపారులే. విలేకరి పంపిన వార్త జిల్లా డెస్కుకు, అక్కడి నుంచి యూనిట్ కేంద్రానికి వెళుతుంది. శీర్షిక పెట్టేది, ఏ వాక్యం ముందు ఉండాలో నిర్ణయించేది అక్కడివారే. ఈలోగా సమాచార పౌరసంబంధాల శాఖ నుంచి, పార్టీ కార్యాలయాల నుంచి ప్రెస్ నోట్లు వచ్చి పడతాయి. మూడు పత్రికల్లో ఒకే వార్త ఒకే వాక్యంతో మొదలైతే, ఆ వాక్యం ప్రెస్ నోట్‌లోదని అనుకోవచ్చు.

మన రాష్ట్రంలో ఏ పత్రిక, ఏ చానల్ ఏ పార్టీ వైపు మొగ్గుతుందో టీ కొట్టు దగ్గర కూర్చునే వారందరికీ తెలుసు. కాబట్టి ఒకే ప్రమాదం గురించి కనీసం రెండు భిన్నమైన పత్రికలు చదవండి. రెండింటిలోనూ ఉన్నది చాలావరకు నమ్మదగినది. ఒకదాంట్లో మొదటి పేజీలో ఉండి మరోదాంట్లో అసలు లేనిది ఏమిటో చూస్తే, ఎవరికి ఏది ఇబ్బందో అర్థమవుతుంది.

ఇంట్లో మనిషి పోయి మేం ఏడుస్తుంటే మైకులు పెడుతున్నారు. మాట్లాడకపోతే తప్పా?

తప్పు కాదు. ఎవరికీ సమాధానం చెప్పనవసరం లేదు. కుటుంబంలో కాస్త నిలదొక్కుకున్న ఒకరు, బావగారో మేనమామగారో, బయటికి వచ్చి చెప్పదలచుకున్నది ఒక్కసారి చెప్పి, ఇక ఎవరినీ లోపలికి రానివ్వవద్దు. ఫొటో ఇవ్వడం మీ ఇష్టం. "ఫలానా పార్టీవాళ్ల వల్లే అని చెప్పండి" అని ఎవరైనా చెవిలో చెబితే అక్కడితో మాటలు ఆపేయండి. ఆ క్షణంలో అన్న ఒక్క మాటను ముక్క కోసి ఏళ్ల తరబడి తిప్పుతారు.

## దోషి ఎవరో తేలేలోపు

కంటకాపల్లి ప్రమాదం డ్రైవర్లు సెల్‌ఫోన్‌లో క్రికెట్ చూడటం వల్లే జరిగిందట కదా?

ఈ ఒక్క ప్రశ్న నాకు వచ్చినన్నిసార్లు మరేదీ రాలేదు. అందుకే వివరంగా చెబుతున్నాను.

2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి 7 గంటల ప్రాంతంలో విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య, ముందు వెళుతున్న విశాఖపట్నం–పలాస ప్యాసింజరును వెనుక నుంచి విశాఖపట్నం–రాయగడ ప్యాసింజరు ఢీకొట్టింది. 14 మంది మరణించారు. రాయగడ బండి లోకో పైలట్, సహాయ లోకో పైలట్ ఇద్దరూ వారిలో ఉన్నారు. పనిచేయని రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ల దగ్గర బండిని రెండు నిమిషాలు ఆపి, ఆ తర్వాత గంటకు 10 కిలోమీటర్ల వేగంతోనే నడపాలన్న నియమాన్ని ఆ ఇద్దరూ పాటించలేదని మర్నాటికే రైల్వే ప్రాథమిక పరిశీలనలో చెప్పారు.

నాలుగు నెలలు గడిచాక, 2024 మార్చి 2న రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కొత్త భద్రతా ఏర్పాట్ల గురించి మాట్లాడుతూ, క్రికెట్ మ్యాచ్ వల్ల ఆ ఇద్దరి దృష్టి మరలిందని ప్రకటించారు. ప్రమాదం జరిగిన రోజు లక్నోలో భారత్, ఇంగ్లండ్ జట్ల ప్రపంచకప్ మ్యాచ్ నిజంగానే జరిగింది. దేశంలో సగం మంది ఫోన్లలో చూసిన మ్యాచ్ అది. కాబట్టి ఆ మాట చెవిన పడగానే అందరికీ నమ్మబుద్ధయింది. టీవీల్లో స్క్రోలింగ్‌గా, పత్రికల్లో మొదటి పేజీ శీర్షికగా వచ్చింది. అప్పటికి రైల్వే భద్రతా కమిషనర్ విచారణ నివేదిక జనం ముందుకు రాలేదు. ఆ నివేదికలోని అంశాలు తర్వాత వార్తల్లోకి వచ్చినప్పుడు, విధుల్లో ఉన్న ఆ ఇద్దరూ ఫోన్ చూస్తున్నారన్న మాటకు అందులో ఆధారం లేదని తెలిసింది. ఆ వార్త ఎన్ని పత్రికల్లో ఏ పేజీలో వచ్చిందో మీ ఊరి గ్రంథాలయంలోని పాత ప్రతుల్లో చూడండి. మార్చి 3 నాటి పేజీని దాని పక్కన పెట్టి చూడండి.

సిగ్నల్ నియమం పాటించలేదన్న విషయం, క్రికెట్ చూశారన్న విషయం రెండూ ఒకటి కావు. మొదటిది విచారించదగిన వృత్తిపరమైన లోపం. ఎందుకు జరిగింది, ఆ సిగ్నళ్లు ఎందుకు పనిచేయలేదు, అలా ఉండగా వెనువెంట బండ్లను పంపినప్పుడు సిబ్బందికి ఏ ఆదేశాలు అందాయి, ఎంత విశ్రాంతి తర్వాత డ్యూటీకి వచ్చారు అన్న ప్రశ్నలన్నిటికీ అది దారి తీస్తుంది. రెండోది ఆ ప్రశ్నలన్నిటినీ ఒక్క దెబ్బతో మూసేస్తుంది. నిర్లక్ష్యపు డ్రైవరు, ఫోను, క్రికెట్. ఇక అడగడానికి ఏమీ మిగలదు. పైగా ఆ మాట పడ్డ ఇద్దరి పిల్లలు, తల్లిదండ్రులు మన మధ్యే బతుకుతున్నారు. తమవాళ్లు పన్నెండు ప్రాణాలను ఆట చూస్తూ బలిచ్చారన్న నింద మోస్తూ ఆ ఇంటి పిల్లలు బడికి వెళ్లడం ఎలా ఉంటుందో, ఆ శీర్షిక పెట్టినవారు ఒక్క నిమిషం ఆలోచించవలసింది.

ఎప్పుడూ చనిపోయిన డ్రైవరు మీదే నెపం వేస్తారెందుకు?

చనిపోయిన మనిషి విలేకరుల సమావేశం పెట్టలేడు, కోర్టులో దావా వేయలేడు కనుక. బతికున్న అధికారి పేరు చెబితే శాఖాపరమైన చర్య, యూనియన్ పోరాటం, కోర్టు కేసు వస్తాయి. వ్యవస్థను తప్పుపడితే నిధులు, నియామకాలు, పాత హామీలు చర్చకు వస్తాయి. మృతుడి మీద వేస్తే ఫైలు ఆ పూటే మూయవచ్చు. సిబ్బంది తప్పు ఎప్పుడూ ఉండదని నేను అనడం లేదు. ఉన్నప్పుడు ఆధారంతో చెప్పాలని అంటున్నాను.

అహ్మదాబాద్ విమానాన్ని పైలటే కూల్చాడని ఇంగ్లిషు పేపర్లు రాశాయి. నిజమేనా?

అలా తేలలేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిర్ ఇండియా 171 ప్రమాదంలో విమానంలోనివారు 241 మంది, కింద ఉన్నవారు 19 మంది, మొత్తం 260 మంది మరణించారు. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ జులై 12న ఇచ్చిన ప్రాథమిక నివేదికలో, గాలిలోకి లేచిన క్షణాల్లోనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆగిపోయే స్థితికి మారాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగగా తాను ఆపలేదని మరొకరు అన్నారని ఉంది. ఎవరు అడిగారో, ఎవరు జవాబిచ్చారో ఆ నివేదికలో లేదు. అయినా కొన్ని విదేశీ పత్రికలు కెప్టెన్ వైపు వేలు చూపించే కథనాలు రాశాయి. అవి ధ్రువీకరణ లేనివని మన దర్యాప్తు సంస్థ చెప్పగా, అలాంటి కథనాలు తొందరపాటు ఊహాగానాలని అమెరికా రవాణా భద్రతా సంస్థ అధ్యక్షురాలు కూడా అన్నారు. ప్రాథమిక నివేదిక ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పవలసింది తుది నివేదిక.

పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే. ఆయన్ని ప్రశ్నిస్తే మన జిల్లాకే చెడ్డపేరు కదా?

కాదు. మన ఓటుతో గెలిచిన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు ఆ శాఖ నిర్వహిస్తున్నారు కాబట్టే, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందని అడిగే హక్కు మనకు మరింత దగ్గరగా ఉంది. మరో విషయం చాలామందికి తెలియదు. రైలు ప్రమాదాలపై విచారణ చేసే రైల్వే భద్రతా కమిషన్ కూడా రైల్వే శాఖ కింద కాక, పౌర విమానయాన శాఖ పాలనా పరిధిలో ఉంటుంది. తన ప్రమాదానికి తానే తీర్పు చెప్పుకునే పరిస్థితి రైల్వేకు ఉండరాదన్నదే దాని ఉద్దేశం. మనవాడని అభిమానించడం, మనవాడని నిలదీయడం రెండూ ఒకే మనిషి చేయగలడు.

## సరిహద్దు, సైన్యం, ఎన్నికలు

మా ఊళ్లో చాలా ఇళ్ల నుంచి మిలిటరీలో ఉన్నారు. దాడి జరిగినప్పుడు ప్రభుత్వాన్ని ప్రశ్నించడం దేశద్రోహం కాదా?

జవాన్ల ప్రాణాల గురించి అందరికంటే ముందు అడగవలసింది జవాన్లను పంపిన ఊళ్లే. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మరణించాక, అంత పెద్ద కాన్వాయ్‌ను రోడ్డు మార్గంలో ఎందుకు పంపారు, పేలుడు పదార్థం అక్కడిదాకా ఎలా వచ్చింది అన్న ప్రశ్నలు ఆ జవాన్ల తోటివారివే. అప్పుడు కూడా శరీర భాగాల నకిలీ ఫొటోలు తిప్పి ద్వేషం రెచ్చగొట్టవద్దని సీఆర్‌పీఎఫ్ స్వయంగా విజ్ఞప్తి చేయవలసి వచ్చింది.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. విశాఖపట్నం, కావలికి చెందినవారు కూడా అందులో ఉన్నారు. భర్తను పోగొట్టుకున్న ఒక యువతి, ముస్లింలపైనా కశ్మీరీలపైనా ఎవరూ కక్ష పెంచుకోవద్దని, తమకు న్యాయం కావాలని కోరగా, ఆమెనే దూషించారు. జాతీయ మహిళా కమిషన్ ఆ దూషణలను తప్పుపట్టింది. అంతకు ముందు రోజులపాటు ఆమె కన్నీటి ఫొటోను తమ మాటకు బలంగా వాడుకున్నవారిలోనే కొందరు, ఆమె తన సొంత మాట చెప్పేసరికి ఎదురుతిరిగారు. బాధితుల మీద గౌరవం ఉన్నది బాధితుల కోసమా, ప్రచారం కోసమా అని తెలుసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం ఉండదు.

2025 మేలో ఒక రాత్రంతా కరాచీ పోర్టు కూలిందన్నారు. తెల్లారాక ఏమైంది?

ఏమీ కాలేదు. మే 8 రాత్రి కొన్ని చానళ్లు చెప్పిన కరాచీ రేవు ధ్వంసం వంటి కథనాలను సైన్యం గానీ విదేశాంగ శాఖ గానీ ధ్రువీకరించలేదు. వీడియో గేమ్ దృశ్యాలు కూడా యుద్ధ దృశ్యాలుగా తిరిగాయి. పూంచ్‌లో పాకిస్తాన్ గుళ్ల వర్షానికి బలైన ఒక ఉపాధ్యాయుడిని కొన్ని చానళ్లు ఉగ్రవాదిగా చూపించగా, అది పచ్చి అబద్ధమని పూంచ్ పోలీసులు ఖండించారు. సైరన్ మోతలను కార్యక్రమాల్లో వాడవద్దని మే 10న కేంద్రం చానళ్లకు చెప్పవలసి వచ్చింది.

టీవీలో యుద్ధం యుద్ధం అని అరిస్తే మన శ్రీకాకుళానికి వచ్చే నష్టమేమిటి?

2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన మన మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుని జైల్లో పెట్టింది. వారిలో ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం వంటి ఊళ్లవారు ఉన్నారు. పుల్వామా దాడి, ఆ తర్వాతి వైమానిక దాడులు జరిగిన నెలల్లో వారు ఆ జైల్లోనే ఉన్నారు. స్టూడియోలో ప్రతీకారం గురించి అరుపులు వినిపించిన ప్రతి రాత్రీ ఆ ఊళ్లలోని ఆడవాళ్లు వాటిని ఎలా విన్నారో ఊహించుకోండి. చివరికి 20 మంది మత్స్యకారులు 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి వచ్చారు. వారిని తెచ్చింది దౌత్యం, కాగితాలు, ఓర్పు. వాటికి టీవీలో చోటు తక్కువ.

అమరులైన జవాన్ల ఫొటోలు ఎన్నికల ఫ్లెక్సీల మీద వేయొచ్చా?

వేయకూడదు. రక్షణ సిబ్బంది ఫొటోలను, సైనిక కార్యక్రమాల ఫొటోలను ప్రచారంలో వాడవద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పి, 2019 మార్చి 9న మళ్లీ గుర్తుచేసింది. అయినా అదే ఏడాది ఏప్రిల్ 9న మహారాష్ట్రలోని లాతూర్ సభలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, మొదటిసారి ఓటు వేసేవారు తమ ఓటును పుల్వామా అమరులకు, బాలాకోట్ దాడి చేసిన జవాన్లకు అంకితం చేయగలరా అని అడిగారు. ఎన్నికల సంఘం అందులో ఉల్లంఘన లేదని తేల్చగా, కమిషనర్లలో ఒకరైన అశోక్ లవాసా విభేదించారు. మీ ఊళ్లో ఎన్నికల సమయంలో అలాంటి ఫ్లెక్సీ కనిపిస్తే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయవచ్చు.

## ఫిర్యాదు, ఆ తర్వాత

గ్రూపులో ఎవరో తప్పుడు వార్త పెట్టారు. అడ్మిన్‌గా నా మీద కేసు పడుతుందా?

సభ్యుడు పెట్టిన ప్రతిదానికీ అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో తీర్పులిచ్చాయి. అయితే ఆ పోస్టును మీరే ప్రోత్సహించినా, స్వయంగా మరోచోటికి పంపినా అది మీ చర్యే అవుతుంది. తొలగించి, ఎందుకు తొలగించారో గ్రూపులో ఒక్క వాక్యం రాయండి.

పేపరు మీద, టీవీ మీద ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలి?

పత్రిక అయితే ముందు సంపాదకుడికి రాసి, సంతృప్తి కలగకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు పంపాలి. దినపత్రికలో వచ్చినదానిపై రెండు నెలల్లోపు ఫిర్యాదు చేరాలి. కౌన్సిల్ మందలించగలదు కానీ జరిమానా వేయలేదు. టీవీ అయితే ముందు చానల్‌కే రాయాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం చానల్ 15 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. తర్వాత ఆ చానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. ప్రసారమైన తేదీ, సమయం, కార్యక్రమం పేరు, స్క్రీన్ ఫొటో లేని ఫిర్యాదు ముందుకు కదలదు.

పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెబితే నమ్మేయవచ్చా?

కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన నకిలీ ఉత్తర్వులు, నకిలీ పథకాల విషయంలో అది ఉపయోగపడుతుంది. కానీ పీఐబీ అంటే కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం, కాబట్టి అది ప్రభుత్వ విభాగమే. ప్రభుత్వం తప్పు చేసిందా అన్న ప్రశ్నకు ప్రభుత్వమే చివరి మాట చెప్పలేదు. తన గురించిన వార్తల్లో ఏది తప్పో తేల్చే అధికారం ప్రభుత్వ యూనిట్‌కు ఇచ్చిన 2023 నాటి ఐటీ నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది.

అందరూ మరచిపోయారు. విచారణ నివేదిక ఏమైందో మేం ఎలా తెలుసుకోవాలి?

మూడు దారులున్నాయి. విమాన ప్రమాదాల తుది నివేదికలను దర్యాప్తు సంస్థ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద నియమించిన కమిషన్ అయితే, దాని నివేదికను తీసుకున్న చర్యల వివరంతో సహా ఆరు నెలల్లోపు చట్టసభ ముందు పెట్టాలని ఆ చట్టమే చెబుతోంది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని మీ ఎమ్మెల్యేను లిఖితపూర్వకంగా అడగండి. రైలు ప్రమాదమైతే రైల్వే బోర్డు ప్రజా సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, నిరాకరించినా మొదటి అప్పీలుకు 30 రోజులు, ఆ తర్వాత కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లడానికి 90 రోజులు గడువు ఉంటుంది.

దరఖాస్తులో "పూర్తి వివరాలు ఇవ్వండి" అని రాస్తే తప్పించుకునే వీలు కల్పించినట్టే. ప్రమాదం తేదీ, చోటు, బండ్ల పేర్లు రాసి, భద్రతా కమిషనర్ తుది నివేదిక ప్రతిని, అందులోని సిఫారసుల్లో అమలైనవి, కానివి విడివిడిగా, అమలు తేదీలతో సహా కోరండి. మీ ఎంపీ లోక్‌సభలో అదే ప్రశ్న వేస్తే మంత్రి సమాధానం సభా పత్రాల్లో శాశ్వతంగా నమోదవుతుంది. కాబట్టి అదే కాగితం ప్రతిని ఎంపీ కార్యాలయంలో కూడా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.